లెక్క తేలని ముళ్ల జీవి

మా ముళ్ల సారు దేన్నీ ఒక్కసారి లెక్కపెట్టి ఊరుకోడు. మెట్లెక్కినవాడు సగంలో అనుమానమొచ్చి కిందికి దిగి మొదటినుంచీ లెక్కపెట్టుకుంటాడు. "పిల్లలెంతమంది సార్?" అని కొత్త గుమస్తా అడిగితే, "ఇద్దరు. ఉండండి, ఇంటికి ఫోన్ చేసి చెప్తా" అన్నాడు.

సముద్రజీవుల పరిశోధనశాలలో ఆయన శాస్త్రవేత్త, నేను జీవుల్ని మందులో నిలవుంచే సీసాల గదికి పెద్దదిక్కుని. చదివింది ఊరిబడిలో అయిదో తరగతే. అయితేనేం, ముప్పయ్యారేళ్లలో నాలుగువేల సీసాల్లో ఒక్కదాన్నీ ఎండనివ్వలేదు. రెండు ప్రశంసాపత్రాలున్నాయి.

తొమ్మిదేళ్ల కిందట రెండు మైళ్ల లోతునుంచి ఆయన వలలో జామకాయంత ముళ్ల జీవి ఒకటి పడింది. ఒంటినిండా వెంట్రుకల్లాంటి ముళ్లు. లోకంలో అంతకుముందు ఎవరూ చూడనిది. నెల తిరిగేసరికి ఆ సీసాని నా గదినుంచి పట్టుకెళ్లి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ముళ్ల లెక్కతో సహా దాని సంగతి ముందుగా ఎవరు అచ్చువేస్తే పేరు పెట్టే హక్కు వాళ్లదే.

ఏటా డైరెక్టరుగారు అడగడం, ఈయన "లెక్క తేలలేదండి" అనడం.

"ఏమిటయ్యా, ఆకాశంలో చుక్కలు లెక్కపెడుతున్నావా?"

"ఇంకోసారి చూస్తానండి."

ఇంకొకదాన్ని పట్టుకొస్తానని ఏటా ఓడకోసం అర్జీ పెట్టేవాడు. అర్జీ తిరిగొచ్చేది, ఓడ వచ్చేది కాదు. ప్రమోషన్లన్నీ పక్కగదుల్లోకే వెళ్లాయి. "నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే ఎలా సార్?" అని నేనూ దెప్పేవాణ్ణి. తల వంచుకునేవాడు.

మొన్న వేరే దేశంవాళ్లు అదే జీవి సంగతి అచ్చువేసి పేరు కూడా పెట్టేశారు. డైరెక్టరుగారు మండిపడి, సారునీ నన్నూ పిలిచి సీసా తెప్పించారు. లోపల నున్నటి గుండు. మందుకైనా ఒక్క ముల్లు లేదు.

"ముళ్లేవి?"

"మొదటి నెలలోనే కరిగిపోయాయండి. స్పిరిట్ బదులు ఫార్మలిన్ పడింది. ఆ ఆమ్లానికి సున్నపు ముళ్లు నిలవవు."

"పోసిందెవరు?"

"నేనేనండి."

స్పిరిట్ నిండుకున్న ఆ వారం, ఘాటెక్కువైతే గట్టిగా నిలుస్తుందని ఫార్మలిన్ పోసింది నేను. ఆ తెలివి గురించి ఇంట్లో పదిరోజులు చెప్పుకున్నాను కూడా.

వరండాలో ఆయన్ని ఆపాను. "తొమ్మిదేళ్లూ ఏం లెక్కపెట్టారు సార్, బోడిగుండునా?"

"లేనివాటిని లెక్కపెట్టాలంటే టైం పట్టదూ బాబాయ్?"

"నా పేరు చెప్పెయ్యాల్సింది."

"చెప్తే నీ ఉద్యోగం పోయేది. ముళ్లు మొలిచేవా?"

ఆయనే మళ్లీ అన్నాడు: "వెళ్లి టీ పట్రా. పాలూ పంచదారా మాత్రం విడిగా తే. నేను కలుపుకుంటా."