బంగారు తీగల మిషన్

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నాకు మణుగూరులో ఉద్యోగం. పాత కుట్టుమిషన్లు సేకరించడం నా పిచ్చి. చిన్నప్పుడు వైరాలో ఓ దర్జీ కొట్లో చేత్తో తిప్పే మిషన్ చూశాను. నల్లటి ఒంటి మీద బంగారు తీగలు, పూలు. అలాంటిది మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

చివరికి అడవి పక్క పల్లెలో, మరియమ్మ అనే ఆవిడ ఇంట్లో దొరికింది! ఒక్క పువ్వూ చెరగలేదు. బేరం కుదిరింది, డబ్బులిచ్చేశాను. బైకు మీద తేలేక, ఆదివారం ఆటోతో వస్తానన్నాను.

"అవ్ సారు, మంచిగ తయారుచేసి పెడతం" అంది మరియమ్మ.

ఆదివారం వెళ్లేసరికి మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. మరియమ్మ నవ్వుతూ లాగింది. మిషన్ మొత్తం నిగనిగలాడే నీలం!

"మీరు గంత దూరం నుంచి వస్తే పాతది ఎట్లిస్తం సారూ? మా ఆయన గరుకు కాయితంతోటి పూలన్నీ గీకిండు. చర్చి తలుపులకు ఏసినంక మిగిలిన రంగు రెండుసార్లు కొట్టిండు."

ఆమె భర్త, చేతులకు ఇంకా నీలం రంగుతో, నా మెప్పు కోసం చూస్తున్నాడు. అక్కడే కూలబడి మిషన్‌ను పక్కకు తిప్పాను. చక్రం చాటున, కుంచె అందని చోట, ఒక్క బంగారు పువ్వు మిగిలి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరియమ్మ కూడా దాన్ని చూసింది.

"అయ్యో, గదొక్కటి మర్చిపోయినం! ఆగుండ్రి సారు, జల్దీ ఏసిస్తం. ఏమయ్యా, బ్రష్ తే!"

మిషన్‌ను గుండెలకు అదుముకుని ఆటో వైపు పరిగెత్తాను.

ఇప్పటికీ ఎవరైనా "మంచిగా తయారుచేసి పెడతాం" అంటే నాకు చెమటలు పడతాయి.