నాలుగో నీళ్ళు

తళతళక్క కడిగిన గాజు బీకరు బల్ల మీద పెడితే, అక్కడ బీకరుందని తెలియక చెయ్యి తగిలించుకున్నవాళ్ళున్నారు. తళతళక్క అన్న పేరు ల్యాబులో పరిశోధన చేసే పిల్లలు పెట్టింది. ఇంట్లో అత్తగారు వేరేగా చెప్పేది. "మా కోడలు పిల్లాడి చొక్కా మీద అచ్చేసిన పూలని కూడా మరకలనుకుని ఉతుకుతుంది. చూడండి, ఒక్క పువ్వన్నా మిగిలిందేమో."

అక్క నవ్వేసి ఇంకోసారి జాడించేది.

పదకొండేళ్ళు ఆమెకి ల్యాబులో సింకు దగ్గరే గడిచాయి. ఆమె చెయ్యి వణకదనీ, చుక్క ఒలకదనీ ల్యాబు నడిపే మేడమ్ కనిపెట్టి, ఆర్నెల్ల కిందట పరిశోధన బల్ల దగ్గర నిలబెట్టారు. ఆ రోజు తెల్లకోటు వేసుకుని అద్దంలో చూసుకోవడానికి అక్కకి సిగ్గేసింది. జేబుల్లో చేతులు పెట్టుకుని వరండా చివరిదాకా రెండుసార్లు నడిచి మాత్రం వచ్చింది.

ఆమెకి అప్పగించింది పొడుగమ్మాయికి సాయం చేసే పని. పొడుగమ్మాయి నాలుగేళ్ళుగా అక్కడ పరిశోధన చేస్తోంది. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేదు.

"ఇంతకీ మనం వెతికేదేంటమ్మడూ?" అని అక్క మొదట్లోనే అడిగింది.

"కైనేజ్ అని కణం లోపల ఒక ప్రోటీనుంటుందక్కా. పక్క ప్రోటీన్‌కి చిన్న ఫాస్ఫేట్ ముక్క తగిలిస్తుంది. అది తగలగానే ఆ రెండోది లేచి పనిలో పడుతుంది. హార్మోన్ బయట్నుంచి తెచ్చిన కబురు అలా ఒకరి నుంచి ఒకరికి లోపలికి పోతుంది."

"మంచిదేగా."

"మంచిదే. కానీ దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే కనపడ్డవాళ్ళందర్నీ లేపి కూర్చోబెడుతుంది. అందుకని ఇంకో ప్రోటీన్ దాని చెయ్యి పట్టుకుని ఉంటుందని నా అనుమానం."

"సంతలో మా చిన్నోణ్ణి నేను పట్టుకున్నట్టు."

"అంతే. ఆ పట్టు చూపించాలి. హార్మోన్ వచ్చినప్పుడు అదేమవుతుందో కూడా చూపించాలి."

పద్ధతి ఇలా ఉంటుంది. కణాల్ని పగలగొట్టి, ఆ రసాన్ని ఇసుక కంటే సన్నటి పూసల మీద పోస్తారు. పట్టుకునే ప్రోటీన్ పూసలకి అంటుకుంటుంది. దాని చేతిలో కైనేజ్ ఉంటే అదీ వెంట వస్తుంది. ఊరికే అంటుకున్న చెత్త పోయేందుకు పూసల్ని ఉప్పునీళ్ళతో కడుగుతారు. మిగిలినదాన్ని ఒక పొర మీదికి ఎక్కిస్తే, కైనేజ్ ఉన్నచోట నల్లటి చార కనిపిస్తుంది. హార్మోన్ పోసిన కణాలకొకటి, పొయ్యనివాటికొకటి, రెండు చారలు రావాలి.

ఈ ప్రయోగం మొదలుపెట్టి రెండు నెలలైనా ఒక్క చారా రాలేదు. పొడుగమ్మాయి కణాలు మార్చింది, హార్మోన్ మార్చింది, ఆఖరికి కుర్చీ కూడా మార్చింది. మంగళవారం మేడమ్ మెత్తగానే చెప్పారు. "శుక్రవారం దాకా చూద్దాం. రాకపోతే దీన్ని పక్కన పెట్టి వేరేది మొదలుపెడదాం."

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల పాత కాగితాలు తిరగేస్తూ, "బలహీనంగా పట్టుకున్నవి ఎక్కువ కడిగితే ఊడిపోతాయట. మనం కడిగేది మూడుసార్లేగా అక్కా?" అంది.

అక్క నోట్లో "ఊ" సగంలో ఆగింది.

మూడుసార్లని పద్ధతి రాసిన కాగితంలో ఉన్న మాట నిజమే. కానీ మూడోసారికి కూడా నీళ్ళలో ఆమెకి మసక కనిపించింది. ఆమె చేతికి అది కడిగినట్టే కాదు. మొదటి రోజు నుంచీ అయిదుసార్లు కడిగింది. మేలు చేస్తున్నాననే అనుకుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది.

ఆ సాయంత్రం ఇంట్లో తిన్న కంచం ఒక్కసారే కడిగి బోర్లించింది. అత్తగారు వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదు. మరి ఒక్కసారే కడిగావేం అమ్మాయ్?"

"పనిలో తప్పు చేశానత్తయ్యా. చెబితే మళ్ళీ సింకు దగ్గరికి పంపేస్తారు."

"చెప్పకపోతే?"

"ఆ పిల్ల కష్టం మూలపడుతుంది."

"తెలిసే ఉందిగా. ఇంక ఆలోచిస్తావేం? ఆ కంచం సరిగ్గా కడుగు, జిడ్డు అలాగే ఉంది."

బుధవారం పొద్దున్నే మేడమ్ గదిలో, పొడుగమ్మాయి ఉండగానే చెప్పింది. కోటు గుండీ పట్టుకుని తిప్పుతూ చెప్పింది.

"ఎప్పట్నుంచి?" అన్నారు మేడమ్.

"మొదట్నుంచీ."

పొడుగమ్మాయి స్టూలు మీద కూలబడింది. "రెండు నెలలక్కా," అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అక్కకి. కాసేపటికి ఆ పిల్లే లేచింది. "పదండి. ఈ రోజు మూడుసార్లే కడుగుదాం. నాలుగోసారి చెయ్యి వెళ్తే నేను పట్టుకుంటా."

గురువారం సాయంత్రానికి చారలు వచ్చాయి. రెండూ కాటుక దిద్దినట్టున్నాయి. పక్క బల్లవాళ్ళు కూడా వచ్చి చూశారు. మేడమ్ మాత్రం పొరని చాలాసేపు చూశారు.

"పట్టుకుంటుందని తేలింది, సంతోషం. కానీ రెండు చారలూ ఒకేలా ఉన్నాయి. హార్మోన్ వచ్చినా రాకపోయినా పట్టు అదే అయితే, కబురు ముందుకెలా పోతుంది?"

అక్క గొంతు సవరించుకుంది.

"మరి ఆ నాలుగో నీళ్ళూ, అయిదో నీళ్ళూ చూస్తారా?"

"ఏ నీళ్ళు?"

"కడిగిన నీళ్ళు, మేడమ్. పారబొయ్యమని కాగితంలో లేదు. దాచాను."

ఫ్రీజరు అడుగు అరలో బుల్లి గొట్టాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద తారీఖు, ఎన్నోసారి కడిగినవో ఆ అంకె, హార్మోన్ పోసినవైతే ఎర్రచుక్క. పొడుగమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టబోయి, మధ్యలో మానేసి నవ్వడం మొదలుపెట్టింది.

శుక్రవారం ఆ నీళ్ళని చిక్కబరచి పొర మీదికెక్కించారు. సాయంత్రం నాలుగింటికి తెలిసింది. ఎర్రచుక్క ఉన్నవాటిలో కైనేజ్ నాలుగో నీళ్ళకే వదిలేసి వచ్చింది. చుక్క లేనివాటిలో నాలుగోదానికీ కదల్లేదు, అయిదోదానికి ఊడింది. హార్మోన్ తగిలితే పట్టు సడలుతోందన్నమాట. మూడుసార్లు కడిగి ఊరుకుంటే ఆ తేడా ఎవరికీ కనపడేది కాదు.

"పట్టుకున్నంతసేపూ కైనేజ్ ఊరుకుంటుంది. కబురొస్తే చెయ్యి వదులవుతుంది, ఇది బయల్దేరుతుంది," అంది పొడుగమ్మాయి. ఆ ఊపులో లేచి పై అరకి తల కొట్టుకుంది. అయినా నవ్వుతూనే ఉంది. "ఒక్కసారి వస్తే చాలదు. మళ్ళీ చెయ్యాలి, ఇంకా చెయ్యాలి."

మేడమ్ అక్క వైపు తిరిగారు.

"చెప్పకుండా చెయ్యడం తప్పు. అదృష్టం ప్రతిసారీ ఇలా రాదు. ఇంకోసారి అలా చెయ్యకు."

"చెయ్యను మేడమ్."

మేడమ్ సొరుగులోంచి అట్ట కూడా విప్పని కొత్త నోటుపుస్తకం తీసి ఆమె ముందు పెట్టారు. "ఇది నీది. నీ బల్ల మీదే ఉండాలి. ఏం చేస్తే అది రాయి, ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు. సోమవారం నుంచి పట్టు ఎక్కడెక్కడ వదులుతుందో చూడాలి. ఎనిమిదిసార్లు కడుగు. అన్ని నీళ్ళూ దాచు."

"ఎనిమిదా?"

"ఏం, కష్టమా?"

అక్క మొహం అంతలా వెలగడం ఆ ల్యాబులో ఎవరూ చూడలేదు. పుస్తకం మొదటి పేజీలో తారీఖు వేసి, ఒకటి నుంచి ఎనిమిది దాకా నెమ్మదిగా అంకెలు దిద్దింది. తర్వాత కలం ఎత్తి, కొంచెం తటపటాయించి అడిగింది.

"తొమ్మిదోది కూడా ఒకటి చూస్తే..."

"అక్కా," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.