నా కేకకు లేచిపోయిన సింహం

"ఒసే కోటీ, ఆ రోజు నువ్వు కాసేపు నోరు మూసుకునుంటే నేను సింహాన్ని చూసి పోయేవాణ్ణే."

"ఇప్పుడు సింహం ఎందుకు మావా, మజ్జిగ తాగు."

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మజ్జిగ తాగాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు, సాయంత్రానికి లేడు. పోయేముందు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు పిల్లల్ని పిలుస్తారు. మా ఆయన మాత్రం సింహం దగ్గరే ఆగిపోయాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఒక మనిషికి బతుకులో ఒక్కసారి ఎదురుపడిన సింహాన్ని నేను నా గొంతుతో తోలేశాను. మామిడి తోటలోంచి కోతిని తోలినట్టు తోలేశాను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేమీ పట్టింపు లేదు. అక్కడున్న తెల్లదొరలు మాత్రం నవ్వలేదు.

నేను చెబుతున్నాను, మా తమ్ముడి కూతురు సుశీల రాస్తోంది. నాకు సంతకం వరకే చదువు, అది కూడా సగం దూరం వెళ్లాక దారి తప్పుతుంది. ఇదేదో పత్రికకు పంపిస్తానంటోంది. నా గొంతు కాగితం మీద వినబడదు కాబట్టి, చదివేవాళ్లు అదృష్టవంతులు.

ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి. పెళ్లయి రెడ్డిగూడెం వచ్చిన దగ్గర్నుంచి మాది మామిడి తోట కాపలా. పిందె పడ్డది మొదలు కాయ కోసేదాకా మంచె మీద నేనే. కోతుల మంద దిగిందంటే కిరసనాయిలు డబ్బా వాయిస్తూ "హోయ్ హో హో హోయ్" అని ఒక్క కేక వేసేదాన్ని. ఆ కేకకు విస్సన్నపేట సంతలో ఎడ్లు బెదిరేవని చెప్పుకునేవాళ్లు. ఎడ్ల మాట నాకు తెలియదు గానీ, అలా అరిచి అరిచి నా గొంతు మాత్రం అప్పుడే రంపం పెట్టి కోసినట్టు తయారైంది.

కేక వెనకాలే నా వడిసెలలోంచి రాయి వచ్చేది. రాయికి కోతి, మనిషి అనే తేడా తెలియదు. అందుకని తోటలో పనిచేసేవాళ్లందరికీ ఒక అలవాటు ఉండేది. నా కేక వినబడగానే ఎక్కడివాళ్లు అక్కడ కూలబడి, తలమీద చేతులు పెట్టుకోవాలి. చెట్టుమీద ఉన్నవాడు కొమ్మను కరుచుకోవాలి. రాయి పోయాకే తల ఎత్తాలి. ఒక్కసారి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, "నా మరదలు నన్ను కొడుతుందా" అని ధీమాగా నిలబడ్డారు. ఆ బొప్పి తగ్గేలోపు ఒక కాపు కోత అయిపోయింది. ఆ తర్వాత అందరికంటే ముందు కూలబడేది ఆయనే.

మా ఆయన మామిడి అంటు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, బెజవాడ నుంచి పళ్లు కొనే గుజరాతీ సేటు ఒకాయన మా తోటకు వచ్చాడు. వాళ్ల అన్నకు సముద్రం అవతల, ఆఫ్రికాలో, మొంబాసా అనే ఊరి దగ్గర పెద్ద తోట ఉందట. అక్కడ నూజివీడు రసాలు కాయించాలని ఆయన కోరిక. మొక్కలతో పాటు మనిషిని పంపమన్నాడు. మనిషితో పాటు నేనూ బయలుదేరాను.

"నువ్వెందుకే?" అన్నాడు మా ఆయన.

"నువ్వు అంటు కడతావు సరే. కాయ కాశాక కాపలా ఎవరు కాస్తారు? అక్కడ కోతులుండవా ఏంటి?"

ఆ మాట అన్నప్పుడు నా నాలుకమీద ఎవరు కూర్చున్నారో గానీ, గట్టిగానే కూర్చున్నారు.

మమ్మల్ని సాగనంపడానికి ఊరంతా వచ్చింది. మొక్కల గురించి ఒక్కరూ అడగలేదు. అందరిదీ ఒకటే మాట, సింహం. మా బావగారైతే బండి చక్రం పట్టుకుని మరీ చెప్పారు.

"ఒరే తమ్ముడూ, ఆఫ్రికా పోయి సింహాన్ని చూడకుండా వచ్చావో, నువ్వు బాపులపాడు దాటలేదని ఊరంతా చాటిస్తా."

"చూడకుండా వస్తానా అన్నయ్యా! జూలులోంచి ఒక ఎంట్రుక పీక్కొచ్చి నీ చేతిలో పెడతా."

మా ఆయనకు మాట తూలడం తెలియదు. ఆ ఒక్కసారి తూలాడు. అక్కడినుంచి ఆ సింహం ఆయనకు తీర్చని మొక్కులాగా మెడకు చుట్టుకుంది.

ఓడ ప్రయాణం గురించి చెప్పమని సుశీల అడుగుతోంది. నేను ఓడలో తలకాయ బాల్చీలోంచి పైకెత్తలేదు. ఆ బాల్చీ గురించి కావాలంటే చెబుతాను. వద్దంటోంది.

మొంబాసాలో దిగగానే మా ఆయన నాలుగు దిక్కులా చూశాడు. కొబ్బరిచెట్లు, మేకలు, కాకులు, ఉప్పుగాలి.

"ఇదేం ఆఫ్రికానే! అచ్చం బందరులాగుంది!"

సింహాలు అక్కడ ఉండవని, చాలా లోపలికి పోవాలని ఆ తోట సేటు, అంటే బెజవాడ సేటు అన్నగారు, చెప్పాడు. మా ఆయన అంటు కడుతున్నా, నీళ్లు పోస్తున్నా మనసు మాత్రం ఆ లోపలే. ఎవడైనా కొత్త మనిషి తోటలోకి వస్తే మంచినీళ్లు ఇచ్చేలోపే "సింహాన్ని చూశావా?" అని చేతులతో జూలు గీసి చూపించి అడిగేవాడు. తెల్లవాళ్లు మన దేశం వదిలి వెళ్లిపోయారన్న కబురు మాకు అక్కడే తెలిసింది. సేటు లడ్లు పంచాడు. అక్కడి తెల్లవాళ్లు మాత్రం ఎక్కడికీ పోకుండా కార్లలోనే తిరుగుతున్నారు.

చివరికి రసాలు కాశాయి. సేటు మొదటి పండు చప్పరించి, కళ్లు తుడుచుకుని, "ఏం కావాలో కోరుకో" అన్నాడు. ఇంకొకడైతే బంగారం అడిగేవాడు.

"సింహాన్ని చూపించు సేటూ," అన్నాడు మా ఆయన.

సేటు మమ్మల్ని నైరోబీ రైలెక్కించాడు. ఆ ఊరి పక్కనే జంతువుల కోసం పెద్ద మైదానం విడిచిపెట్టి, జనం కార్లలో వెళ్లి చూసే ఏర్పాటు కొత్తగా చేశారు. ఆ ఊళ్లో సేటు కూతురూ అల్లుడూ ఉన్నారు. కూతురికి ఇమ్మని మొదటి కాపు పళ్లు ఒక బుట్టెడు నా చేతికిచ్చాడు. తిరుగు ఓడ దగ్గరపడింది కాబట్టి మాకు ఆ ఒక్క పూటే చిక్కింది. అల్లుడు స్టేషన్ నుంచి ఇంటికి కూడా తీసుకుపోకుండా, బుట్టతో సహా మమ్మల్ని నేరుగా అడవికి తీసుకుపోయాడు. పైన గుడ్డకప్పు మడిచి పెట్టిన కారు. ముందు అల్లుడు, వెనక మేమిద్దరం, మా మధ్య బుట్ట, నా ఒళ్లో పులిహోర తెచ్చిన సత్తుగిన్నె.

గేటు దగ్గర అల్లుడు హిందూస్తానీలో చెప్పాడు. అన్నేళ్లలో ఆ భాష మాకు అన్నం అడిగేంత వచ్చింది.

"అమ్మా, కారు దిగకూడదు. జంతువులకు ఏమీ పెట్టకూడదు. అరవకూడదు."

మా ఆయన నావైపు తిరిగాడు. "ఆఖరిది విన్నావా?"

"విన్నా మావా. ఊరికే అరవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?"

ఎన్ని జంతువులు చూశామనుకున్నారు! చారల గాడిదలు మందలు మందలుగా ఉన్నాయి, వాటికి చారలు గీసినవాడెవడో గానీ ఓపికమంతుడు. ఇంకొక జీవి మెడ ఎత్తుకుంటూ ఎత్తుకుంటూ పోయి చెట్టు చిటారున ఆకు కొరికింది. దాన్ని చూసి మా ఆయన, "ఇలాంటిదొకటి మన తోటలో ఉంటే నిచ్చెనతో పనుండదే" అన్నాడు. మనిషంత ఎత్తు పక్షి ఒకటి లంగా ఎత్తి పట్టుకున్న పేరంటాలులాగా కారు పక్కనే పరిగెత్తింది. మా ఆయన దేనికీ నిలవలేదు. "సరే సరే, సింహమేది?" అంటాడు.

ఎండ ఎక్కాక ఒక ముళ్లచెట్టు దగ్గర తెల్లవాళ్ల కార్లు వరసగా ఆగి ఉన్నాయి. పెళ్లివారు భోజనాల పిలుపు కోసం కాచుకున్నట్టు అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అల్లుడు కారు ఆపి, పొద వెనకాల గడ్డిలోకి వేలు చూపించాడు. గడ్డిపైన కుచ్చులాంటిదొకటి ఊగుతోంది.

"తోక!" అన్నాడు మా ఆయన గుసగుసగా.

"చూశావుగా మావా, ఇంకేం!"

"తోక చూస్తే అన్నయ్య ఒప్పుకోడే. మొహం చూడాలి."

కాచుకున్నాం. దొరలు ఫొటో పెట్టెలకు కళ్లు ఆనించి కాచుకున్నారు. మా ఆయన రెండు చేతులూ జోడించి, సీటు అంచున, మెడ చాపి కూర్చున్నాడు. గుళ్లో హారతి వేళ కూడా ఆయన మొహం అలా ఉండగా నేను చూడలేదు. గడ్డి కదిలింది. తోక ఆగింది. లేవబోతోంది.

సరిగ్గా అప్పుడు నా మోచేతికి మెత్తగా ఏదో తగిలింది. తిరిగి చూశాను. కారు వెనకనుంచి ఎక్కిన కోతి! మన కోతి కాదు, కుక్క మొహం పెట్టుకున్న అంతలావు గండు కోతి. దాని చెయ్యి బుట్టలో ఉంది. మా ఆయన కట్టిన అంటుకు కాసిన మొదటి కాపు రసం దాని పిడికిట్లో ఉంది.

ఇక్కడ మీరు నన్ను కాస్త అర్థం చేసుకోవాలి. కోతినీ మామిడిపండునీ ఒకచోట చూస్తే నాకు బుర్రతో పని ఉండదు. గొంతు దానంతట అదే లేస్తుంది.

"హోయ్ హో హో హోయ్య్!"

లేచి నిలబడి, సత్తుగిన్నె మీద మూతతో దబదబా బాదేశాను. కోతి ఎగిరి దూకింది. చారల గాడిదలు దుమ్ము రేపుకుంటూ ఆకాశం అంచు దాకా పోయాయి. పొడుగు మెడల జీవులు తాటిచెట్లు నడిచినట్టు పోయాయి. చెట్టుమీది రాబందులు కూడా లేచిపోయాయి. ఒక దొరసాని టోపీ ఎగిరి దొర ఒళ్లో పడింది. పొద వెనకనుంచి సింహం లేచి దారి మధ్యకు వచ్చి నిలబడింది. జూలుతో, మీసాలతో, నిండుగా నిలబడింది. ధర నచ్చని బేరగాడు తోటవైపు చూసినట్టు నావైపు ఒక్క చూపు చూసి, తిరిగి, పరుగు లేకుండా, తొందర లేకుండా, గడ్డిలోకి నడిచి వెళ్లిపోయింది.

"మావా! చూశావా? ఎంతుందో చూశావా?" అని ఇటు తిరిగాను.

సీటు ఖాళీ.

కాళ్ల దగ్గర, కారు అడుగున, మా ఆయన కూలబడి, మోకాళ్ల మధ్య తలకాయ దూర్చి, నెత్తిమీద రెండు చేతులూ పెట్టుకుని ఉన్నాడు.

"రాయి పోయిందా?" అని అడిగాడు కిందనుంచి.

"రాయి లేదు మావా. సింహం పోయింది."

మెల్లగా తల ఎత్తాడు. గడ్డి మాత్రం ఇంకా కొంచెం కదులుతోంది. పక్క కారులో దొర లేచి నిలబడి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు తెలియదు గానీ పొగడ్త కాదని మొహమే చెప్పింది. అల్లుడు స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు.

గేటు మూసేదాకా తిరిగాం. నా కేక మాకంటే ముందు పోయి అందరికీ చెప్పేసినట్టుంది, చెవుల పిల్లి కూడా కనబడలేదు. గేటు దాటాక మా ఆయన బుట్టవైపు చూశాడు.

"పళ్లు దక్కాయా?"

"ఒకటి పట్టుకుపోయింది."

"పోనీలే. రసం రుచి దానికీ తెలియాలిగా."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ గడ్డివైపే చూస్తూ ఉన్నాడు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఊరికి చేరాం. బండి దిగకముందే బావగారు ఎదురొచ్చారు, వెనకాల ఊరంతా.

"ఏరా, చూశావా?"

మా ఆయన బండిలో మూటలు సర్దసాగాడు. ఆయనకు అబద్ధం చేతకాదు. అన్నగారి మొహంలో నవ్వు అప్పుడే మొదలైంది. నేను కొంగు తలమీదికి లాక్కుని అందుకున్నాను.

"చూడకపోవడం ఏంటి బావగారూ! ఇక్కడ కారు, ఆ అరుగున్నంత దూరంలో సింహం. నేనైతే భయంతో కారు అడుగున దూరి నెత్తిన చేతులు పెట్టుకున్నా. మీ తమ్ముడు మాత్రం కన్నార్పకుండా చూశాడు."

"మరి ఎంట్రుకేదిరా?"

"అడిగా అన్నయ్యా," అన్నాడు మా ఆయన, నావైపు ఓరగా చూసి. "ఇవ్వనంది."

ఊరు గొల్లున నవ్వింది. ఆ రోజుతో ఆయనకు నోరు వచ్చింది. అడిగినవాడికీ అడగనివాడికీ సింహం కథ చెప్పేవాడు. మొదట్లో అది గేదెంత ఉండేది, ఏడాది తిరిగేసరికి గడ్డివామంత అయింది. నేను కారులో మూర్ఛపోయాననీ, తనే ఉత్తరీయంతో విసిరి లేపాడనీ కూడా కలిపాడు. నేను పక్కనే కూర్చుని అవునంటూ తల ఊపేదాన్ని. ఊరందరి ముందూ చూశాడు. ఒక్క నా దగ్గరే చూడలేదు.

కాబట్టి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. కోతి వచ్చి నా నెత్తిన కూర్చుని, రసం జుర్రుకుని, టెంక నా చేతిలో పెట్టి పోయినా సరే, ఇక నోరు తెరవను. మా ఆయన సింహం జోలికి నా గొంతు మళ్లీ పోదు.

సుశీల రాయడం ఆపి నావైపు చూస్తోంది.

"అత్తయ్యా, మావయ్య సింహాన్ని చూడలేదని ఇందులో నువ్వే చెప్పేశావుగా?"

"చెప్పేశానా?"

"మొత్తం చెప్పావు. ఇది అచ్చయితే అందరికంటే ముందు పెద్దమావయ్యే చదువుతాడు."

"అయ్యో నా గొంతు మండ! మళ్లీ తోలేశానా దాన్ని? కొట్టెయ్యవే అమ్మా, అదంతా కొట్టెయ్. మావయ్య నిండా చూశాడని రాయి. కారు అడుగున దూరింది నేనని రాయి. రాశావా? ఏదీ, మొదట్నుంచి ఒకసారి చదివి వినిపించు. సింహం ఉందో పోయిందో చూస్తాను."