సుత్తికి బొట్టు పెట్టిన దసరా

ఆ రోజుల్లో ఎవరైనా ‘ఇది నీ వల్ల కాదు’ అంటే, ఆ పనే చేసి చూపించాలన్న పంతం ఉండేది నాకు. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే ‘నిజమేనండీ’ అని ఒప్పేసుకుని, వెళ్ళి సోఫాలో కూర్చుంటాను. అప్పట్లో కొత్తగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరి, అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో మా పిన్నీ బాబాయీల ఇంట్లో పై గదిలో ఉండేదాన్ని. చిన్నప్పట్నుంచీ నన్ను ఏ ఆటలోనూ జట్టులోకి తీసుకున్న పాపాన పోయినవాళ్ళు లేరు (ఖోఖో ఆడేటప్పుడు అందరి చెప్పులకూ కాపలా నేనే). అలాంటిది, ఆఫీసులో నేను నీళ్ళ డబ్బా ఒంటిచేత్తో ఎత్తి మెషీన్ మీద పెట్టడం చూసి, మా టీమ్ లీడ్ కళ్ళు మెరిశాయి. తోమిన రాగి చెంబు రంగు గడ్డం ఆయనది, అందుకని మా ఇంట్లో ఆయన పేరు ఎర్రగడ్డం. వాళ్ళ తాతముత్తాతలు స్కాట్లాండ్ నుంచి వచ్చారట. ఆ జ్ఞాపకంగా వారం వారం పార్కులో కొందరు పోగై, గళ్ళ పావడాలు కట్టుకుని బరువులు విసురుతారట, నన్నూ రమ్మన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక ఆటకు పిలుపు వచ్చింది కదా, ఏం విసరాలో కూడా అడక్కుండా సరేనన్నాను.

విసరాల్సింది సుత్తి. మేకులు కొట్టే సుత్తి కాదు. పొడవాటి కర్ర పిడి, దాని చివర ఇనప గుండు. విసిరే మనిషి మైదానానికి వీపు పెట్టి నిలబడాలి. బూట్ల ముందు చిన్న పారలాంటి ఇనప పలకలుంటాయి, వాటిని నేలలోకి దిగేసి, పాదాలు కదలకుండా సుత్తిని తల చుట్టూ తిప్పి తిప్పి, ఎడమ భుజం మీదుగా వెనక్కి వదిలేయాలి. టీవీలో చూపించే పోటీల్లోలాగా మనిషి గిరగిరా తిరగకూడదు. వదలక ముందే పాదం కదిలిందా, ఆ విసురు చెల్లదు. ‘చేతులతో లాగకు, చేతులు తాళ్ళనుకో, గుండు అటు వెళ్తే నువ్వు ఇటు వాలు’ అని ఎర్రగడ్డం వారం వారం మొత్తుకునేవాడు. అది నా బుర్రకెక్కింది గానీ ఒంటికెక్కలేదు. గుండు ఎటు పోతే నేనూ అటే పోయి పడేదాన్ని. మాసిన పావడాతో ఇంటికొస్తే పిన్ని గుమ్మంలోనే నిలబెట్టి చూసేది.

“ఏంటే ఈ అవతారం? కాన్వెంట్ యూనిఫాం ఏసుకుని కుస్తీ పట్టినట్టున్నావ్. మీ అమ్మ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావ్?”

“జిమ్‌కెళ్ళిందని చెప్పు పిన్నీ.”

అక్టోబరులో పోటీలు వచ్చాయి. కొత్తవాళ్ళకు మూడు అవకాశాలు (మా హెచ్-వన్ వీసా లాటరీకీ అప్పుడు అన్నే కాబట్టి ఆ లెక్క మాకు అలవాటే). “ఒక్క విసురు చెల్లినా చాలు, ఎంత దూరమన్నది నాకక్కర్లేదు, వచ్చే సీజన్‌కి నువ్వు జట్టులో ఉన్నట్టే. లేదంటే మాత్రం వేరేవాళ్ళకు చోటివ్వాలి” అన్నాడు ఎర్రగడ్డం. జట్టు అన్న మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. సాధన చేసుకుని పోటీరోజు తెమ్మని క్లబ్బు సుత్తిని నాతో ఇంటికి పంపించాడు. నేను దాన్ని గరాజ్‌లో పెట్టాను. దసరా సరిగ్గా పోటీల ముందురోజే వచ్చింది.

మా పిన్ని ఆయుధపూజ గురించి కొంచెం చెప్పాలి. కార్లు కడిగి బొట్లు పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం అందరూ చేసేదే. పిన్ని అక్కడితో ఆగదు. ల్యాప్‌టాప్‌లకు, మిక్సీకి, బాబాయి గడ్డి కోసే మిషన్‌కి, ఆఖరికి వైఫై డబ్బాకి కూడా పసుపూ కుంకుమా పడాల్సిందే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాటన్నిటి మధ్యా మా సుత్తి కొత్త పెళ్ళికూతురిలా ధగధగలాడుతూ బంతిపూల దండ వేసుకుని కూర్చుంది. నాకు గుండె నిండిపోయింది. ‘నా ఆటనూ ఒక ఆటగా గుర్తించింది కదా మా పిన్ని!’ అని మురిసిపోయానే తప్ప, అది ఎందుకంత మెరుస్తోందని ఆలోచించలేదు.

మర్నాడు మా వీధిలోని తెలుగువాళ్ళంతా మడత కుర్చీలతో, పులిహోర డబ్బాతో మైదానానికి దిగారు. నా వంతు వచ్చింది. బూట్లు నేలలో దిగేశాను. సుత్తి ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో పిడి సబ్బుబిళ్ళలా నా చేతుల్లోంచి జారి, వెళ్ళాల్సిన దిక్కు తప్ప ఇంకో దిక్కు చూసుకుని, టేబుల్ మీదున్న పులిహోర డబ్బాలో దిగింది (దగ్గర్లో మనుషులెవరూ లేరు కాబట్టే ఇప్పుడు నవ్వుతూ రాయగలుగుతున్నాను). పులిహోర అక్షింతల్లా ఆకాశానికి లేచింది. పక్కన స్కాట్లాండ్ సన్నాయిల్లాంటి బ్యాగ్‌పైపులు వాయిస్తున్నవాళ్ళు వాయించడం ఆపేశారు. ఎర్రగడ్డం పరిగెత్తుకెళ్ళి సుత్తి తీసి, పిడి తడిమి, వాసన చూసి తెల్లబోయాడు.

“వాట్ హ్యాపెండ్ టు మై హ్యాండిల్?”

“ఐ క్లీన్డ్ ఇట్!” అంది పిన్ని, గర్వంగా ముందుకొచ్చి. “ఫుల్ డర్టీ అండీ బాబూ! చింతపండేసి తోమాను. దెన్ సోప్. దెన్ కోకోనట్ ఆయిల్!”

చెయ్యి జారకుండా ఉండాలని ఆ పిడికి చెట్టుబంక పూస్తారు. ఏళ్ళ తరబడి ఎందరో పూయగా పూయగా నల్లగా అట్టకట్టిన ఆ బంక వాళ్ళకు ప్రాణంతో సమానం. దాన్ని పిన్ని జిడ్డనుకుంది. పూజకు పెట్టే వస్తువు శుభ్రంగా ఉండాలి మరి! సంగతి తెలిశాక పిన్ని మొహం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాత్రం ఊరుకోలేదు. పట్టుచీర దోపి కూలబడి, జార్జియా ఎర్రమట్టి గుప్పిళ్ళతో తీసి అంట్లు తోమినట్టు పిడిని తోమేసింది. నూనె వదిలింది. తోటి పోటీదారులు జాలిపడి, తలా కాస్త బంక ఇచ్చారు.

రెండోసారి సుత్తి జారలేదు, నేనే జారాను. కంగారులో చేతులతో లాగాను, పాదాలు లేచాయి, విసురు చెల్లలేదు. ఇక ఒక్కటే మిగిలింది. చెప్పుల కాపలా ఉద్యోగం మళ్ళీ కళ్ళముందు కనిపించింది. నేను సుత్తి ఎత్తుతుంటే కుర్చీల వైపునుంచి పిన్ని గొంతు మైదానమంతా మోగింది.

“అట్టా లాగుతావేంటే! మన డాబా మీద ఒప్పులకుప్ప ఆడేవాళ్ళం గుర్తులేదా? చేతులు చాపి ఎనక్కి వాలు! నేను పట్టుకున్నాననుకో!”

అంతే, ఇన్ని వారాలుగా బుర్రలోనే ఆగిపోయింది ఒంట్లోకి దిగింది. పెళ్ళికాని పిన్ని, గౌను వేసుకున్న నేను, చేతులు పెనవేసుకుని వెనక్కి వాలి తిరిగిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. చేతులు మడిస్తే ఇద్దరం పడతాం, వాలితే ఇద్దరం నిలుస్తాం. గుండు అటు వెళ్ళింది, నేను ఇటు వాలాను. వదిలాను. వెనక్కి తిరిగి చూసేముందు కిందికి చూసుకున్నాను. పాదాలు ఉన్నచోటే ఉన్నాయి. విసురు చెల్లిందని జడ్జి తెల్ల జెండా ఎత్తాడు. ఆ రోజు మొత్తానికి అందరికంటే తక్కువ దూరం నాదే. మావాళ్ళు మాత్రం క్రికెట్ కప్పు గెలిచినట్టు కేకలు పెట్టారు, బాబాయి డబ్బాలో మిగిలిన పులిహోర జడ్జికి కూడా పెట్టాడు.

మరుసటేడు దసరా ఉదయం తలుపు తీస్తే ఎదురుగా ఎర్రగడ్డం, చేతిలో సుత్తి. పిడికి పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేసుకొచ్చాడు. “ఓన్లీ ద బాల్, ఆంటీ” అన్నాడు వినయంగా (ఆయన పిన్ని కంటే పదేళ్ళు పెద్దే). పిన్ని గుండుకి బొట్టు పెట్టి, ఆయన నుదుటనా పెట్టింది.

ఇప్పుడు పిన్నీవాళ్ళు దేశానికి అవతలి కొసనున్న ఫ్రీమాంట్ వెళ్ళిపోయారు. నా మోకాళ్ళు మెట్లెక్కడానికే బేరాలాడుతున్నాయి. అయినా అప్పుడప్పుడు గరాజ్ తలుపు వేసుకుని, ఉత్త చేతులు చాపి వెనక్కి వాలి చూస్తాను. ఈ వయసులో ఇదేం పిచ్చే అని నాకే నవ్వొస్తుంది, వెంటనే పిన్ని మీద బెంగా వస్తుంది. పాదాలు మాత్రం, ఒట్టు, కదలవు.