గుమ్మడి పిందె, మడిచిన వేలు

నా చిన్నప్పుడు మా పెరట్లో గుమ్మడి పిందెను వేలు పెట్టి చూపించడం పెద్ద నేరం. వేలు తగలక్కర్లేదు, అటు తిరిగితే చాలు, పిందె పసుపుబారి రాలిపోతుందని మా అమ్మ నమ్మకం. తప్పనిసరై చూపించాల్సి వస్తే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. మా కాలనీలో అందరిదీ అదే పద్ధతి.

మా పొలం స్టీలు ప్లాంటు కిందకు పోయాక గాజువాక దగ్గర మాకు చిన్న ఇంటి స్థలం ఇచ్చారు. పొలం పోయింది గానీ అమ్మ చేతుల్లోంచి వ్యవసాయం పోలేదు. అంట్లు తోమిన నీళ్లు పారే చోట గుమ్మడి గింజ నాటింది. ఆ పాదు వంటింటి రేకులెక్కి, హద్దు మరిచిపోయి పక్కింటి గోడ మీదికి కూడా కాళ్లు చాపింది. కింద నాలుగు కోళ్లు తిరిగేవి. అందులో నల్ల పెట్ట నాది. నాది అంటే, మేత అమ్మది, గుడ్లు ఇంటిల్లిపాదివి, ముద్దు చేసే హక్కు ఒక్కటే నాది.

నేను నాలుగో తరగతి చదివే ఏడాది ఆ పెట్ట ఈకలు రాల్చుకుని గుడ్లు పెట్టడం మానేసింది. నేనూ లెక్కలు చెయ్యడం మానేశాను. ఇద్దరిలో కూరకు దాన్నే ఎంచారు. "గుడ్డెట్టని పెట్టని ఎన్నాళ్లు మేపుతాం? ఆదివారం కోసీద్దాం" అన్నాడు నాన్న, డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుతూ. నేను అన్నం ముట్టకుండా ఏడ్చేసరికి అమ్మ అడ్డుపడింది. గుమ్మడి గుజ్జూ గింజలూ తింటే కోడి తేరుకుని మళ్లీ గుడ్డుకొస్తుందనీ, పాదు ఎలాగూ పిందెలు వేసింది కాబట్టి తొలికాయ దాకా ఆగమనీ అంది. "సరే, కాయ నిలబడితే పెట్ట నిలబడద్ది. నిలబడకపోతే మరి నన్నడగొద్దు" అన్నాడు నాన్న.

ఆ రోజు నుంచి పాదుకు నేనే కాపలా. రోజూ పొద్దున్నే గోడెక్కి పిందెలు లెక్కపెట్టేదాన్ని. ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. కొన్ని పువ్వుల కింద గోలీకాయంత పిందె ఉంది. చాలా పువ్వులకు అదీ లేదు, ఉత్త పొడుగాటి కాడే. కాయ కాయని ఈ పువ్వులు పాదు బలమంతా తినేస్తున్నాయనుకుని, కనిపించిన దాన్నల్లా కోసి పెట్టకు వేశాను. అది ఇష్టంగా తినేది. గుడ్డు పెట్టని పెట్టను కోసేద్దామన్న నాన్న న్యాయమే నేనూ పువ్వుల మీద నడిపిస్తున్నానని నా బుర్రకు తట్టలేదు.

వారం తిరక్కుండానే పిందెలు ఒక్కొక్కటే పసుపుబారి రాలడం మొదలుపెట్టాయి. నేను లెక్కపెట్టింది చూపుడు వేలితోనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను ఆ వేలిని గౌను వెనకాల దాచుకున్నాను. "ఎవులే ఏలు సూపించింది?" అని అమ్మ నిలదీస్తే, నా నోట్లోంచి వచ్చిన మాట, "పక్కింటి అత్త."

పక్కింటి అత్తది తగరపువలస దగ్గర రైతు కుటుంబం. గాజువాక బజార్లో కూరగాయలు అమ్మేది. సాయంత్రం మిగిలిన వంకాయలు గోడ మీంచి అందించేది. అమ్మ చారు గిన్నె అందించేది. నేనన్న ఆ ఒక్క మాటతో గిన్నెలు ఆగిపోయాయి. అత్త వినేటట్టు "ఎవుల ఏలు పడిందో ఏటో" అని అమ్మ పాదుతో మాట్లాడేది. అత్త గంప ఎత్తుకుని బజారుకు వెళ్లిపోయేది.

చివరికి మిగిలింది ఒక్క పిందె, గోడను ఆనుకున్న రేకు అంచున. దాని పువ్వు విచ్చిన పొద్దున్న నేను యథాప్రకారం గోడెక్కి ఉత్త కాడల పువ్వులు కోస్తున్నాను. అవతలి నుంచి అత్త గొంతు వినిపించింది. "ఒలే గుంటా, ఏటి సేత్తన్నావే?"

"పనికిరాని పువ్వులత్తా. మా పెట్టకి. కాయ నిలబడకపోతే దాన్ని కోసేత్తారట."

అత్త నుదురు కొట్టుకుంది. తిడుతుందనుకున్నాను. నా ఒళ్లోంచి ఒక పువ్వు తీసుకుని, రేకులు ఒలిచి, లోపలి పసుపు పొడి నాకు చూపించింది. "ఇది మగ పువ్వే. ఈ పొడి ఆ పువ్వుకి అంటితేనే పిందె నిలబడద్ది. అది తేనెటీగల పని. ఆటికి నువ్వు ఒక్క పువ్వైనా ఒగ్గితే గదా!" అంటూ, విచ్చిన ఆడ పువ్వులో ఆ పొడిని మెల్లగా అద్దింది.

సరిగ్గా అప్పుడే అమ్మ బయటికొచ్చింది. "మళ్లీ ఏలెట్టినావేటి వదినా!" అంది.

అత్త ఒకసారి నా వైపు చూసింది. నా ఒళ్లో ఇంకా నాలుగు పువ్వులున్నాయి. ఒక్క మాటంటే నేను అయిపోయేదాన్ని. అత్త తన చెంగు ఆ పువ్వుల మీదికి లాగి, "అవును వదినా, నా ఏలే. రాల్చిన ఏలుతోనే నిలబెడతాను. నిలబడకపోతే మీ పెట్టకి బదులు నా పుంజుని కోసుకోండి" అంది.

పిందె నిలబడింది. అరచేతిని దాటింది, బిందెంత అయింది. రేకు వేడికి మాడకుండా దాని కింద గోనెసంచి పరిచింది నాన్నే. కాయ పండి, కోసిన రోజున నల్ల పెట్ట గింజలన్నీ ఏరుకు తింది. కొన్నాళ్లకు గుడ్డు పెట్టింది. అది గుమ్మడి మహిమో, కొత్త ఈకలొచ్చిన మహిమో నేను ఆరా తియ్యలేదు. బతికిన కోడి కారణాలు చెప్పదు.

ఆ గుడ్డు పట్టుకుని అత్త దగ్గరికెళ్లి, "అత్తా, ఆ ఏలు నాదే" అన్నాను.

"నాకు తెల్దేటి? మీ అమ్మకి సెప్పినావా?"

"నేదు."

"అయితే గుడ్డు అక్కడెట్టి, ముందు ఆ పని సూసి రా."

చెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు. గుమ్మడికాయ పులుసు గిన్నె నిండా తీసుకుని, గోడ మీంచి అందించకుండా, వీధి చుట్టూ తిరిగి అత్త గుమ్మంలోకి వెళ్లింది.

ఇప్పుడు నేను బడిపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అవును, ఆ లెక్కలే. దేవుడికి హాస్యం ఎక్కువ. క్లాసులో అద్దం పగిలినా, సుద్దముక్కలు మాయమైనా, "ఎవరు?" అంటూ నా చెయ్యి లేస్తుంది. పిల్లలు నవ్వుకుంటారని తెలుసు, వేలికి ఏదో జబ్బని కూడా అనుకుంటారట. కానీ ఏ పిల్ల వైపు తిరిగినా నా చూపుడు వేలు దానంతటదే మడుచుకుంటుంది.