మస్తాన్ మావయ్య చెప్పని తరువాయి భాగం

అంతరిక్షంలో నడిచే ఏదో సిరీస్‌లో కెప్టెన్ మళ్లీ వస్తాడా రాడా అని ఫోన్లో జనం కొట్టుకుంటుంటే, మా అమ్మాయి నిన్న గోళ్లు కొరుక్కుంటూ చూస్తూ కూర్చుంది. నాకు బందరులో మా వీధి కేబుల్ మస్తాన్ మావయ్య గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడూ ఆదివారాలు అలాంటి సీరియలే వచ్చేది. ఓ వారం అందులోని కెప్టెన్ ఉన్న అంతరిక్ష నౌక పేలగానే ఆపేశారు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. బొమ్మలన్నీ మావయ్య డాబా మీది డిష్‌లోంచే వస్తాయి కనుక, తరువాయి కథ ఆయనకి ముందే తెలుస్తుందని మా పిల్లల నమ్మకం.

మర్నాడు బడి వదలగానే ఆయన ఎక్కిన స్తంభం కిందికి పరిగెత్తాను.

"మావయ్యా, కెప్టెన్ బతికాడా?"

"ముందు నిన్నటి కథ చెప్పు. సరిగ్గా చూశావో లేదో చూద్దాం."

గబగబా చెప్పాను. పేలుడు దగ్గరికొచ్చేసరికి ఆయన చేతిలో కటింగ్ ప్లేయరు ఆగిపోయింది.

"అయ్యో! తర్వాతో?"

"తర్వాతది నువ్వే కదా చెప్పాలి!"

"ఆదివారం దాకా ఆగమ్మా. ఇప్పుడే చెప్పేస్తే మజా ఏముంటది?"

తెలిసీ దాస్తున్నాడని ఉడుక్కున్నాను.

సీరియల్ మొదలవగానే "బొమ్మ రావట్లేదు" అని వీధి వీధీ ఆయన్నే పిలిచేది. ఆ అరగంటా ఆయన స్తంభాల మీదే ఉండేవాడు. మేం ఆదివారం కోసం వేగిపోతుంటే, ఆయన సోమవారం మా బడి వదిలేదాకా వేగిపోయేవాడు.