బీరువాలో పెట్టిన వైఫై

మొన్న దుప్పట్లు తీద్దామని బీరువా తెరిచాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే రత్నకుమారి ఆంటీయే గుర్తొస్తుంది.

ఆర్.కె. పురంలో అన్నయ్య క్వార్టర్‌లో ఉంటూ గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజులవి. ఆంటీ వాళ్లది ఎదురిల్లు. కాకినాడ మనిషి, ఆసుపత్రిలో హెడ్ నర్సు. అంకుల్ పోయి ఏడాదైంది. వెల్లూరులో చదివే కూతురితో మాటలన్నీ కంప్యూటర్‌లోనే. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూనే నన్ను పిలిచింది. "బాబూ, వైఫై రావట్లేదు. కాస్త చూద్దూ."

కంప్యూటర్ చదువు చదివానన్న పొగరు నాది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆంటీ వంటింట్లో కోడికూర వండుతుంటే నేను సెట్టింగులన్నీ కెలికి, డ్రైవర్లు మార్చి, ఏదీ కుదరక మొత్తం చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించాను. అయినా సిగ్నల్ లేదు. అప్పుడు అడిగాను, రౌటర్ ఎక్కడుందని.

"బీరువాలో. కిందింట్లో దొంగలు పడ్డారు కదా, వైర్లతో సహా లోపల పెట్టి తలుపు దగ్గరగా వేశాను."

ఇనప బీరువా! తలుపు తెరిచి, కలరా ఉండల వాసన కొట్టే చీరల మధ్య నుంచి డబ్బా బయటికి తీయగానే సిగ్నల్ నిండుగా వచ్చింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వులోనే ఆంటీ, "అంకుల్ చర్చిలో పాడిన పాట పెట్టు బాబూ, కంప్యూటర్‌లోనే ఉంది" అంది.

నేను చెరిపేసినవాటిలో ఆ పాటా పోయింది.

"ఇంకెక్కడైనా దాచారా ఆంటీ?"

"లేదే. ఏం?"

చెప్పాను. ఆంటీ మంచం మీద కూలబడింది. తిడితే బాగుండేది. "ఇంటికెళ్లు బాబూ" అంది, అంతే.

మర్నాడు సాయంత్రం మళ్లీ పిలిచింది. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్లు వాచిపోయాయి. చేతిలో సీడీ ఉంది. "అమ్మాయి ఫోటోలు. కంప్యూటర్‌లోకి ఎక్కించు."

"మళ్లీ నేనా?"

"వార్డులో పొరపాటు చేసిన నర్సు పిల్లని మర్నాడు అదే మంచం దగ్గరికి పంపుతాను. లేకపోతే ఆ చెయ్యి ఎప్పటికీ వణుకుతూనే ఉంటుంది. కూర్చో. ఈసారి ముందు అడిగి మొదలెట్టు."

అంత నష్టం చేసినవాణ్ణి పిలిచి అదే కుర్చీలో కూర్చోబెట్టే మనిషి ఉంటుందని నాకు తెలియదు. కూర్చుని అడిగాను.

"ఆంటీ, ఇందులో పోకూడనిది ఏమైనా ఉందా?"

"ఇప్పుడేం లేదు బాబూ. ఎక్కించు."

ఇవాళ్టికీ ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా మొదట ఆ ప్రశ్నే అడుగుతాను. జవాబు వచ్చేదాకా నా చేతులు ఒళ్లోనే ఉంటాయి.